చిట్కా ఆమెకు, బజ్జీలు ఆయనకు

జీలకర్ర నీళ్ళు తాగితే పొట్ట తగ్గదు. అందులో నిమ్మకాయ పిండినా తగ్గదు, తేనె కలిపినా తగ్గదు. మెంతులు నానబెట్టి పరగడుపున నమిలినా, దాల్చినచెక్క మరగబెట్టినా, ఉలవకట్టు గ్లాసులకు గ్లాసులు తాగినా, వాము, సోంపు, అల్లం, కరివేపాకు ఒకే గిన్నెలో వేసి కషాయం కాచినా తగ్గదు. ఈ మాట మా కమలాపురంలో గట్టిగా అంటే "ఇంగ్లీషు డాక్టర్ల మనిషివా ఏంది?" అని అడుగుతారు. నేను ఎవరి మనిషినీ కాదు. జీలకర్ర మీద నాకు కోపమూ లేదు. చారులో అది పడకపోతే నాకు ముద్ద దిగదు. నా కోపమంతా ఆ గుప్పెడు జీలకర్రను అడ్డం పెట్టుకుని ఆడవాళ్ళ ఆశతో వ్యాపారం చేసేవాళ్ళ మీద. ఆ వ్యాపారానికి ఇంట్లో కూర్చుని ఊఁ కొడుతున్న మగవాళ్ళ మీద ఇంకా ఎక్కువ.

"వారంలో పది కిలోలు" అంటాడు ఫోన్లో కనిపించే పెద్దమనిషి. సరే, లెక్క వేద్దాం. ఒంట్లో కిలో కొవ్వు తగ్గాలంటే సుమారు 7,700 కేలరీల లోటు పడాలి. పది కిలోలకు 77,000. ఇంటిపని చేసుకునే మామూలు ఆడమనిషి ఒళ్ళు రోజంతా కలిపి ఖర్చు పెట్టేది రెండు వేలకు అటూ ఇటూ. ఆమె ఏడు రోజులు మెతుకు ముట్టకుండా ఉన్నా 14,000 దగ్గర ఆగుతుంది. అంటే రెండు కిలోల కొవ్వు కూడా కాదు. కటిక ఉపవాసానికే సాధ్యం కానిది చెంచాడు జీలకర్రకు ఎట్లా సాధ్యమయిందో ఆయన చెప్పడు. ఐదో తరగతి పిల్లోడు పలక మీద పట్టుకోగల అబద్ధం ఇది. అయినా మన ఇళ్ళల్లో డిగ్రీలు చదివినవాళ్ళు కూడా దాన్ని నలుగురికీ పంపుతారు, కింద దండం బొమ్మ పెట్టి.

వేడినీళ్ళు పోస్తే జిడ్డు గిన్నె శుభ్రపడినట్టు, వేడినీళ్ళు తాగితే పొట్టలో కొవ్వు కరిగి కొట్టుకుపోతుందని జనం నమ్మకం. ఈ వ్యాపారానికి పునాదే అది. తాగిన నీళ్ళు వెళ్ళేది జీర్ణాశయంలోకి, పేగుల్లోకి. కొవ్వు ఉండేది చర్మం కింద, పేగుల చుట్టూ. ఆ నీళ్ళు వెళ్ళి ఆ కొవ్వును తాకే దారే లేదు. పైగా మనిషి కొవ్వు ఒంటి వేడికే ద్రవంగా ఉంటుంది, దాన్ని కొత్తగా కరిగించేదేముంది? ఒంటికి తిండి చాలక, దాచుకున్నదాన్ని కాల్చుకున్నప్పుడే అది తగ్గుతుంది. ఆ కాలిన కొవ్వు ఎక్కడికి పోతుందో ఆస్ట్రేలియా పరిశోధకులిద్దరు 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో లెక్కగట్టారు. పది కిలోల కొవ్వు తగ్గితే 8.4 కిలోలు బొగ్గుపులుసు వాయువుగా ఊపిరిలో వెళ్ళిపోతుంది, మిగతా 1.6 కిలోలు నీరవుతుంది. విరేచనంలో జిడ్డు పోయిందని సంబరపడేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి.

"మరి మా వదిన నాలుగు కిలోలు తగ్గింది కదా?" అని అడ్డుకుంటారు. తగ్గి ఉండొచ్చు. కాదనను. కాలేయంలో, కండల్లో ఒళ్ళు కొంత చక్కెర నిల్వ ఉంచుకుంటుంది. ఆ నిల్వ గ్రాముకు మూడు గ్రాముల నీళ్ళు పట్టుకుని ఉంటుంది. తిండి తగ్గించిన మొదటి వారంలో ఆ నిల్వ, దానితో పాటు ఆ నీళ్ళు పోతాయి. కాటా ముల్లు కిందికి దిగుతుంది. కొవ్వు చాలావరకు అట్లాగే ఉంటుంది. ఇక రెండో సంగతి: పొద్దున ఉగ్గాని, బజ్జీ తినే మనిషి దాని బదులు జీలకర్ర నీళ్ళు తాగి మధ్యాహ్నం దాకా ఊరుకుంటే, తగ్గించింది జీలకర్ర కాదు, తినకుండా వదిలేసిన ఉగ్గాని. మంచినీళ్ళు తాగినా అంతే తగ్గేది. పేరు మాత్రం చిట్కా కొట్టేస్తుంది. నెల తర్వాత బరువు తిరిగి వచ్చినప్పుడు ఆ తప్పు మాత్రం చిట్కాది కాదు, "నువ్వు సరిగ్గా పాటించలేదు" అని వదినదే అవుతుంది.

కాటాను దించే మోసాల్లో నాకు అన్నిటికన్నా అసహ్యమైనది సునాముఖి ఆకు. "పొట్ట శుద్ధి" పేరుతో అమ్మే పొడుల్లో తరచుగా ఉండేది అదే. అది విరేచనాల మందు. పని చేసేది పెద్దపేగు మీద. తిన్నదాంట్లోని శక్తి అంతకు ముందే చిన్నపేగులో ఒంటికి ఎక్కేసి ఉంటుంది. బయటికి పోయేది నీళ్ళూ లవణాలూ. రోజూ వాడితే పొటాషియం పడిపోతుంది, కాళ్ళు పీకుతాయి, గుండె లయ కూడా తప్పవచ్చు. ఆ పొడి వాడే ఆమె మాత్రం చీర కుచ్చిళ్ళు వదులయ్యాయని మురిసిపోతుంది.

పరిశోధనలు లేవా అంటే ఉన్నాయి. వాటిని కూడా ఎదురుగా పెట్టుకునే మాట్లాడదాం. జీలకర్ర మీద ఇరాన్‌లో చేసిన ఒక అధ్యయనం 2014లో వెలువడింది. 88 మంది లావుపాటి ఆడవాళ్ళను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు రోజుకు 3 గ్రాముల జీలకర్ర పొడి పెరుగులో కలిపి మూడు నెలలు ఇచ్చారు. వీడియోల్లో చెప్పేది ఇంతవరకే. రెండు జట్లకూ తిండి తగ్గించారన్న సంగతి, రెండు జట్లూ బరువు తగ్గాయన్న సంగతి, మూడు నెలల తర్వాత వాళ్ళ మధ్య తేడా కిలో, కిలోన్నర దగ్గరే తేలిందన్న సంగతి చెప్పరు. ఆపిల్ సైడర్ వెనిగర్ కథ ఇంకా ఘోరం. లెబనాన్‌లో 120 మంది యువతీ యువకుల మీద చేశామన్న అధ్యయనం 2024లో వచ్చింది. మూడు నెలల్లో ఆరేడు కిలోలు తగ్గారని దేశదేశాల పత్రికలు రాశాయి. లెక్కలు నమ్మదగ్గవి కావని తేలి, 2025 సెప్టెంబరులో ఆ పత్రాన్ని ప్రచురించినవాళ్ళే వెనక్కి తీసుకున్నారు. ఆ సీసాలు మాత్రం ప్రొద్దుటూరు దుకాణాల్లో అరల మీదే ఉన్నాయి.

ఇక్కడ ఆయుర్వేదాన్ని తెస్తారు. "మన పూర్వీకులకు తెలియదా?" అని. తెలుసు. మీకే తెలియదు. చరక సంహిత సూత్రస్థానం 21వ అధ్యాయం స్థూలకాయం గురించే మాట్లాడుతుంది. మరీ లావు, మరీ బక్క, ఈ రెండింటిలో లావునే నయం చేయడం కష్టమని చరకుడు ఆనాడే తేల్చాడు. యవలు, ఉలవలు, తేనె కలిపిన నీళ్ళు చెప్పిన మాట నిజమే. వాటి పక్కనే వ్యాయామం చెప్పాడు, నిద్ర తగ్గించమన్నాడు, ఒంటికీ మనసుకూ పని పెట్టమన్నాడు. మనవాళ్ళు తేనె ఒక్కటి ఏరుకుని వ్యాయామాన్ని చరకుడికే వదిలేశారు. అంతకన్నా పెద్ద తమాషా ఉంది. తేనెను వేడి చేయకూడదని, వేడితో కలిస్తే విషంతో సమానమని హెచ్చరించింది కూడా ఆ గ్రంథమే. ఆ హెచ్చరిక సైన్సుకు నిలుస్తుందా లేదా అన్నది వేరే సంగతి. శాస్త్రం పేరు చెప్పి వేడినీళ్ళలో తేనె తాగించేవాడు ఆ శాస్త్రాన్ని తెరిచి కూడా చూడలేదని మాత్రం తేలిపోయింది. తేనె మూడొంతులకు పైగా చక్కెరే. పెద్ద చెంచాకు అరవై కేలరీలు దాటుతాయి. చక్కెర వ్యాధి ఉన్న ఆమె దాన్ని "మందు" అని రోజూ పరగడుపున తాగుతోంది.

పని చేయకపోతే పోనీ, నష్టమేముంది అనేవాళ్ళకు సొరకాయ రసం చూపిస్తాను. మామూలు సొరకాయను వండుకుని తింటే మంచి కూర. పచ్చిగా రసం తీస్తే, ఒక్కోసారి చేదు కాయ పడుతుంది. ఆ చేదు కుకుర్బిటాసిన్లు అనే విషపదార్థాలది. "చేదయితేనే మందు" అని ముక్కు మూసుకుని తాగినవాళ్ళకు రక్తపు వాంతులయ్యాయి, రక్తపోటు పడిపోయింది, దేశంలో కొందరు చనిపోయారు కూడా. 2010లో ఢిల్లీలో అట్లాంటి మరణం తర్వాత భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల సంఘాన్ని వేసింది. చేదుగా ఉన్న రసాన్ని తాగవద్దని, దీనికి విరుగుడు మందు లేదని ఆ సంఘం తేల్చింది. దాల్చినచెక్క సంగతీ అంతే. కిరాణా కొట్లలో ఆ పేరుతో దొరికేది చాలావరకు కాసియా చెక్క. దానిలో కూమరిన్ ఉంటుంది. కూరలో చిటికెడు వేస్తే భయం లేదు, నెలల తరబడి చెంచాలతో తాగితే కొందరికి కాలేయం దెబ్బతింటుంది. మూలికల పొడి అని డబ్బాల్లో అమ్మేవాటిలో సిబుట్రమిన్ అనే మందును దొంగచాటుగా కలిపారని అమెరికా ఆహార ఔషధ సంస్థ ఎన్నోసార్లు పట్టుకుంది. గుండెకు ముప్పని 2011లో మన దేశం నిషేధించిన మందు అది. పొడి నిజంగా పని చేస్తోందంటే అప్పుడే ఎక్కువ భయపడాలి.

వీటన్నిటికన్నా పెద్ద నష్టం ఎవరి కంటికీ కనిపించకుండా జరిగేది. థైరాయిడ్ మాత్ర ఆపేయడం. ధనియాల నీళ్ళతో థైరాయిడ్ పోతుందని ఇల్లాలికి ఎవరో చెబుతారు. ఆమె మాత్ర మానేస్తుంది. ఆ మాత్ర మానేస్తే ఒళ్ళు మందగిస్తుంది, నీరు పడుతుంది, బరువు పెరుగుతుంది. బరువు పెరిగిందని ఇంకో చిట్కా. మాత్ర మానకపోయినా, తెల్లవారి దాన్ని మంచినీళ్ళతో ఖాళీ కడుపున వేసుకోవాల్సిన ఆ ఒక్క గంటనే ఈ కషాయాలన్నీ ఆక్రమించాయి. మాత్ర ఒంటికి ఎక్కకపోతే ఎవర్ని నిలదీయాలి?

తెలుగునాట బరువు తగ్గించే పద్ధతులకు పెద్ద పెద్ద సభలే జరిగాయి. 2017, 2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ చెప్పిన పద్ధతి ఊరూరా తిరిగింది. అన్నం బంద్, రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్ళు. ఆయన వైద్యుడు కాడు. ఆ పద్ధతిలో బరువు తగ్గినవాళ్ళున్నారు, అబద్ధమెందుకు? అన్నం, చక్కెర, మైదా మొత్తంగా మానేస్తే ఆకలి చచ్చి తిండి తగ్గుతుంది, ముందుగా నీళ్ళు పోతాయి, తర్వాత కొవ్వూ కొంత పోతుంది. కానీ అన్నం మీద పుట్టి పెరిగినవాడు ఎన్నాళ్ళని కొబ్బరినూనె తాగుతాడు? ఇన్సులిన్ మీద బతికే మొదటి రకం చక్కెర వ్యాధి పిల్లల చేత సూది మాన్పిస్తే ప్రాణం పోతుందని వైద్యులు అప్పుడే మొత్తుకున్నారు. సభల చప్పట్లలో ఆ మాట వినబడలేదు.

ఇక మన జిల్లా మనిషి ఖాదర్ వలీ. ప్రొద్దుటూరులో పుట్టి మైసూరులో స్థిరపడ్డారు, 2023లో పద్మశ్రీ వచ్చింది. సీమ నేల మరిచిపోయిన కొర్రలు, సామలు, అరికెలు, ఊదలు, అండుకొర్రలను మళ్ళీ కంచంలోకి తెచ్చినందుకు ఆయనకు నమస్కారం. ఆ గింజల్లో పీచు ఎక్కువ, మర పట్టిన బియ్యం కన్నా నెమ్మదిగా అరుగుతాయి. అంతవరకు సంతోషం. అయితే ఆ పేరు మీద నడిచే ప్రచారంలో ఒక్కో గింజకు ఒక్కో రోగం, ఒక్కో ఆకు కషాయానికి ఒక్కో అవయవం పంచేశారు. ఆ పంపకానికి ఆధారం చూపమంటే చూపరు. వంద గ్రాముల కొర్రల్లో 330 కేలరీలకు పైనే ఉంటాయి, వంద గ్రాముల బియ్యంలో 350 దాకా. కొర్రన్నం గదా అని రెండు గిన్నెలు లాగిస్తే పొట్ట తగ్గదు, కిరాణా బిల్లు పెరుగుతుంది.

"మా అవ్వ కొర్రలు తినే సన్నగా ఉండేది" అని గర్వంగా చెప్పుకుంటాం. అవ్వ సన్నగా ఉంది నిజమే. ఆమె సన్నగా ఉండటానికి సగం కారణం ఆకలి. 1876 నుంచి 1878 దాకా నడిచిన కరువు ఈ దత్తమండలాలను ఊడ్చిపెట్టింది. ఆ తర్వాత కూడా సీమలో వాన తప్పిన ఏడాది లేని దశాబ్దం లేదు. అవ్వ నీళ్ళు మోసింది, విసురురాయి తిప్పింది, చెనిక్కాయ చేలో రోజంతా వంగి కలుపు తీసింది. ఆమె ఇంటికి 1983లో ఎన్.టి.రామారావు కిలో రెండు రూపాయల బియ్యం పంపినప్పుడు కడుపు నిండింది. దానికి నేను కోటి దండాలు పెడతాను. అవ్వ దారిద్ర్యాన్ని ఆరోగ్య రహస్యంగా అమ్ముకునేవాళ్ళను చూస్తేనే ఒళ్ళు మండుతుంది.

చట్టం లేదా? ఉంది. 1954లోనే వచ్చింది. మందులు, మాయా చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం దాని పేరు. ఏయే జబ్బులకు మా దగ్గర మందుందని ప్రకటన చేయకూడదో దానికి ఒక పట్టిక ఉంది. క్యాన్సర్, చక్కెర వ్యాధి పక్కనే స్థూలకాయం కూడా ఆ పట్టికలో ఉంది. ప్రకటన అంటే కరపత్రం, లేబులే కాదు, వెలుగు ద్వారా, శబ్దం ద్వారా, చివరికి పొగ ద్వారా చాటినా ప్రకటనేనని అందులో రాసి ఉంది. యూట్యూబ్ పుట్టక ముందే ఆ పెద్దలు యూట్యూబ్‌కు కూడా చోటు ఉంచారు. మొదటిసారి దొరికితే ఆరు నెలల దాకా జైలు లేదా జరిమానా, మళ్ళీ దొరికితే ఏడాది. దీన్ని తప్పించుకోవడానికి డబ్బా మీద "ఆహార పదార్థం" అని రాసి, నోటితో మందని చెబుతారు. ఆ కిటికీ కూడా మూసే ఉంది. ఆహారంతో జబ్బు నయమవుతుందని ప్రచారం చేయకూడదని 2018 ఆహార ప్రకటనల నిబంధనలు చెబుతున్నాయి. తప్పుదారి పట్టించే ప్రకటనకు 2006 ఆహార భద్రతా చట్టం పది లక్షల దాకా జరిమానా పెట్టింది. 2024లో పతంజలి సంస్థ చేత సుప్రీంకోర్టు పత్రికల్లో క్షమాపణ వేయించింది గదా. ఢిల్లీలో పనిచేసిన చట్టం బస్టాండు గోడల మీద అంటించిన కాగితాల దగ్గరికి ఎందుకు రాదు? "పొట్ట తగ్గించబడును, ఫలితం లేకపోతే డబ్బు వాపస్" అన్న కాగితం చదవడానికి ఏ అధికారికైనా కళ్ళజోడు కూడా అక్కర్లేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఈ చిట్కాలు ఎవరికి చెబుతున్నారు? ఏ వీడియో అయినా చూడండి, మాట్లాడేది "అమ్మా, అక్కా" అనే. తెల్లవారుజామునే లేవాల్సింది ఆమె. రాత్రే మెంతులు నానబెట్టుకోవాల్సింది ఆమె. ఆ తర్వాత యర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీకి షిఫ్టుకు పోయే భర్తకు క్యారియర్, కడప బడికి పోయే పిల్లలకు టిఫిన్ డబ్బా కట్టాలి. మిగిలిన దోశ పిండి పారేయలేక ఆ దోశా ఆమే తినాలి. సాయంత్రం ఆయన బజ్జీల పొట్లంతో వస్తాడు. ఆయన పొట్ట ముందుకొచ్చి చొక్కా గుండీ పట్టకపోయినా "మగాడన్నాక ఆ మాత్రం ఉండాల" అంటారు. నడుము చుట్టుకొలత ఆడవాళ్ళకు 80, మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు దాటితే ముప్పే. మరి ఆయనకు ఏ కషాయమూ లేదేం? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో అధిక బరువున్న ఆడవాళ్ళు 36.3 శాతం, దేశం మొత్తం మీద 24 శాతం. మన మగవాళ్ళు 31.1 శాతం, వాళ్ళేమీ తక్కువ తినలేదు. ఆ సర్వేలోనే ఇంకో అంకె ఉంది, దాన్ని ఏ చిట్కా వీడియో చెప్పదు. రాష్ట్రంలో 58.8 శాతం ఆడవాళ్ళకు రక్తం తక్కువ. లావుగా కనిపించే ఒంట్లోనే రక్తం లేదు. అట్లాంటి మనిషి చేత పొద్దున టిఫిన్ మాన్పించి, పగలంతా గ్రీన్ టీలు తాగించి, ఉన్న ఇనుము కూడా ఒంటికి ఎక్కకుండా చేస్తున్నారు. దీన్ని ఆరోగ్యం అనడానికి నోరెట్లా వస్తుంది?

బరువు తగ్గే దారి లేదని నేను అనడం లేదు. ఉంది, నెమ్మదైనది. అది ఆమె ఒక్కత్తె గ్లాసులో లేదు, ఇంటిల్లిపాది కంచంలో ఉంది. అన్నం తగ్గి పప్పు, కూర, గుడ్డు పెరగాలి. టీలో చక్కెర తగ్గాలి. కొవ్వుకు లెక్క అడగాల్సింది సంగటిని, ఊరిబిండిని కాదు. మూకుట్లో తేలే నూనెను. మొదట ఐదు శాతం బరువు తగ్గినా చక్కెర, బీపీ దిగడం మొదలవుతుంది. ఆమె నడవడానికి ఊళ్ళో చోటు కావాలి. పొద్దున్నే బడి మైదానమంతా మగపిల్లల క్రికెట్‌ది, రోడ్డంతా లారీలది. ఆమె అరగంట నడిచి వచ్చేలోపు పొయ్యి ఎవరు వెలిగించాలి? ఈ ప్రశ్నకు జవాబు లేని ఇంట్లో జీలకర్ర సమాధానమవుతుంది, ఎందుకంటే దానికోసం ఇంట్లో మరెవరూ కదలక్కర్లేదు. ఈ వ్యాపారం ఇంత బాగా సాగడానికి కారణం ఇదేనని నా నమ్మకం. ఇక బరువు తగ్గించడానికి కొత్తగా వచ్చిన సూదుల మాట. వాటికి పరీక్షించిన రుజువుంది, దుష్ఫలితాలూ ఉన్నాయి. డాక్టరు చూసి రాస్తేనే వాడాలి. ఎవరో స్నేహితుడు పంపాడని, షాపులో ఇచ్చారని పొడుచుకోవద్దు.

అమ్మల్లారా, అక్కల్లారా, థైరాయిడ్ మాత్ర, చక్కెర మాత్ర, ఇన్సులిన్ సూది ఆపమని చెప్పినవాడు ఎంతటివాడైనా ఆ ఫోన్ అక్కడే కట్టేయండి. చేదు సొరకాయ రసం పారబోయండి. మీ ఊరి ఏఎన్ఎం దగ్గర బీపీ చూపించుకుని, ఆసుపత్రిలో రక్తం ఎంతుందో పరీక్ష చేయించుకోండి.

అన్నలారా, మీకూ ఒక మాట. రాత్రి వంటింట్లోకి వెళ్ళి ఈ నెల సరుకుల చీటీ తీయండి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ మనిషికి రోజుకు 25 నుంచి 30 గ్రాముల నూనె చాలంటోంది, అంటే నెలకు లీటరుకు మించదు. మీ ఇంట్లో తలలు లెక్కపెట్టండి, చీటీలో నూనె ప్యాకెట్లు లెక్కపెట్టండి. తేడా ఎంతో ఆమెతో కాదు, మీ బజ్జీలతో తేల్చుకోండి.